ఐదు మిరప కుండీలు, మూడు నెలలు గదిలో: నా అనుభవం

2023 నవంబరు 19న ఐదు మిరప మొక్కల్ని కత్తిరించి, 27న ఇంట్లోకి తెచ్చాను. 2024 ఫిబ్రవరి 16న, రథసప్తమి నాడు, వాటిలో మూడింటిని మళ్ళీ ఎండలో పెట్టాను. రెండు దక్కలేదు. ఆ రెండూ ఎందుకు పోయాయో, మిగతా మూడూ ఎలా బతికాయో తేదీలతో సహా రాస్తున్నాను.

మాది అమలాపురం పక్క ఊరు. ఇక్కడ చలికి మిరప చావదు. ధనుర్మాసంలో తెల్లవారుజామున కూడా మా డాబా మీద థర్మామీటరు 18 డిగ్రీల కంటే దిగలేదు. మొక్కని చంపేది అక్టోబరు నుంచి డిసెంబరు సగం దాకా పడే తుఫాను వాన, ఆ వానతో కుండీలో ఆరకుండా ఉండిపోయే చెమ్మ. అంతకుముందు ఏడాది డాబా మీదే వదిలేసిన మొక్కలు కాపు మీద ఉండగానే వేరు కుళ్ళి పోయాయి. పొద్దున పచ్చగా ఉన్న మొక్క సాయంత్రానికి తల వాల్చేస్తుంది. నీళ్లు చాలలేదేమో అని మట్టి ముట్టుకుంటే చల్లగా తడి తగులుతుంది. అప్పుడింక చేసేదేమీ ఉండదు. ఆ బాధ రెండోసారి పడకూడదనే ఈ ప్రయత్నం.

మిరప నిజానికి ఏడాదితో పోయే మొక్క కాదు. కాండం కర్రబారాక, వేరు బాగుంటే రెండో ఏడు, మూడో ఏడు కూడా కాస్తుంది. అందుకని నవంబరు 5న డాబా మీద ఉన్నవాటిలోంచి ఐదింటిని ఎంచాను: పైకి కాసే చిట్టి మిరప రెండు, గుండు మిరప ఒకటి, బజ్జీ మిరప ఒకటి, క్యాప్సికం ఒకటి. మొదట్లో కాండం బొటనవేలంత లావుండి, బెరడు బూడిద రంగులోకి తిరిగినవే తీసుకున్నాను. ఆకులు బాగా చిన్నవై, ముడుచుకుపోయి, గుబురు కట్టిన మొక్క ఒకటి ఉంది. అది బొబ్బర తెగులు. వైరస్ కాబట్టి ఎంత కత్తిరించినా కొత్త చిగురు కూడా అలాగే వస్తుంది, పైగా తెల్లదోమ దాన్ని పక్క మొక్కలకి మోస్తుంది. దాన్ని పీకి కాల్చేశాను. నిండా పిందెలున్న మొక్క, చెయ్యి రాలేదు గానీ తప్పలేదు. ఆ రోజు నుంచే ఎరువు ఆపేశాను.

నవంబరు 19 ఆదివారం. పని పొద్దున ఎనిమిదికి మొదలైతే ఒంటిగంట అయింది. ముందు కాయలన్నీ కోసేశాను. తర్వాత కొమ్మలు. మిరప కాండం కొంత ఎత్తు దాకా ఒంటిగా వచ్చి అక్కడ రెండుగా చీలుతుంది. ఆ పంగని ఉంచి, దాని పైన ఒక్కో కొమ్మకి రెండు మూడు కణుపులు వదిలి, కణుపుకి పావు అంగుళం పైన ఏటవాలుగా కోశాను. మొక్క మొత్తం ఎత్తు అడుగు లోపే మిగిలింది. పెన్సిలు కంటే లావున్న కోతలకి కాపర్ ఆక్సీక్లోరైడ్ (కుళ్ళు పట్టకుండా వాడే మందు) ముద్ద రాశాను. రాయని ఒక కొమ్మ కోసిన చోట నల్లబడి, ఆ నలుపు పది రోజుల్లో అంగుళం కిందికి దిగింది. మళ్ళీ కింద కోసి ముద్ద రాస్తే ఆగింది.

కత్తెర మొక్క మొక్కకీ స్పిరిట్‌తో తుడవాలి. మా ప్రాంతం వాళ్లకి ఇంకో మాట కూడా చెప్పాలి. లంక పొగాకు చుట్ట కాల్చే పెద్దవాళ్లు ఇంట్లో ఉంటారు. పొగాకులో ఉండే మొజాయిక్ వైరస్ చేతి వేళ్ల మీదుగా మిరపకి అంటుతుంది. మా పెద్దనాన్నగారు సాయం పట్టడానికి వస్తే, చేతులు సబ్బుతో కడుక్కోమని చెప్పాల్సి వచ్చింది. ఆయన ఏమీ అనుకోకుండా కడుక్కునే వచ్చారు.

వేళ్ల పని అన్నిటికంటే ఎక్కువసేపు పట్టింది. కుండీ బోర్లించి తడితే మట్టి ముద్ద మొత్తం ఊడి వస్తుంది. చుట్టూ ఒక అంగుళం మందాన వేళ్లు కోసేసి, బకెట్టు నీళ్లలో ముంచి పాత మట్టి చాలావరకు వదిలించాను. అప్పుడు కనిపించాయి: గుండు మిరప వేళ్ల సందుల్లో బియ్యపు నూకల్లా తెల్లటి పిండినల్లి, బజ్జీ మిరప అడుగున చీమల గుడ్లు. మట్టితోనే తెచ్చి లోపల పెట్టి ఉంటే అన్నీ గదిలోకే వచ్చేవి. కడగడం మానొద్దు.

కొత్త కుండీలు ఎనిమిది అంగుళాలవి. పాతవి పన్నెండు అంగుళాలవి. వేరు తగ్గించాక పెద్ద కుండీలో పెడితే తాగేవాడు లేని నీళ్లు అడుగున నిలిచిపోతాయి. మిశ్రమం: కొబ్బరి పొట్టు రెండు పాళ్లు, గోదావరి ఇసుక ఒక పాలు, వర్మీ కంపోస్టు ఒక పాలు, కుండీకి గుప్పెడు వేపపిండి. మా చేలో ఒండ్రు వేయలేదు. అది తడిస్తే బంక, ఎండితే రాయి. గదిలో కుండీకి పనికిరాదు.

ఇక్కడే నేను చేసిన పెద్ద పొరపాటు ఉంది. ఇటుకలా అచ్చు పోసి అమ్మే పొట్టు కొనకుండా, పీచు తీసే మిల్లు దగ్గర బస్తా 60 రూపాయలకి వదులు పొట్టు తెచ్చాను. దాన్ని ఒక్కసారే కడిగాను. తర్వాత కడియంలో ఒక నర్సరీ ఆయన్ని అడిగితే, “మూడు కడుగులైనా కడగాలండి, లేకపోతే ఆకు అంచు మాడిపోద్దండి” అన్నారు. అప్పటికే మాడింది. పచ్చి పొట్టులో ఉప్పు ఉంటుంది. తొట్టెలో నానబెట్టి, ముదురు టీ రంగు నీళ్లు పారబోసి, మళ్ళీ పోసి, ఆ రంగు లేత పసుపుకి వచ్చేదాకా కడగాలి. మొత్తం రెండు రోజుల పని.

వారం రోజులు కుండీల్ని వరండా నీడలో ఉంచాను. నవంబరు 20, 24 తేదీల్లో సాయంత్రం పూట వేపనూనె కొట్టాను. లీటరుకి 5 మి.లీ. నూనె. ముందు కొంచెం గోరువెచ్చని నీళ్లలో ఒక మి.లీ. సబ్బు నీళ్లు కలిపి, అందులో నూనె పోసి తెల్లగా పాలలా అయ్యేదాకా గిలకొట్టి, ఆ తర్వాతే మిగతా నీళ్లు పోయాలి. నేరుగా నీళ్లలో పోస్తే నూనె పైన తేలిపోయి, చివర్లో కొట్టిన మొక్కకే నూనెంతా పడుతుంది.

నవంబరు 27న లోపలికి చేర్చాను. నాలుగు కుండీలు దక్షిణం కిటికీ ముందు. మొదట ఉత్తరం కిటికీ దగ్గర పెడదామనుకున్నాను, వెలుతురు బాగా కనిపిస్తుంది కాబట్టి. కానీ చలికాలంలో సూర్యుడు దక్షిణానికి వాలి తిరుగుతాడు. డిసెంబరు మధ్యాహ్నం మన దగ్గర సూర్యుడు 50 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. జూన్‌లో గోడ కూడా తాకని ఎండ డిసెంబరులో సన్‌షేడ్ కింద నుంచి దూరి గదిలో మూడడుగుల దాకా నేల మీద పడుతుంది. ఉత్తరం కిటికీకి ఒక్క కిరణం రాదు.

ఐదోదాన్ని, బజ్జీ మిరపని, సామాన్ల గదిలో చీకట్లో పెట్టాను. మంచు పడే దేశాల్లో చేసే పద్ధతి ఇది: మొక్కని మోడుగా కోసి, చీకటి గదిలో ఉంచి, నెలకోసారి నాలుగు చుక్కలు నీళ్లు పోస్తే వసంతం దాకా నిద్రపోతుంది. డిసెంబరు 12న తలుపు తీసి చూస్తే ఐదంగుళాల పొడుగు చిగుళ్లు, మొలకెత్తిన పెసల కాడల్లా తెల్లగా, నేలకి వాలి ఉన్నాయి. అక్కడి చీకటి గది 10 నుంచి 13 డిగ్రీల్లో ఉంటుంది కాబట్టి మొక్క నిద్రపోతుంది. మా సామాన్ల గది 24 డిగ్రీలు. ఆ వెచ్చదనానికి మొక్క మేలుకునే ఉంటుంది, చిగురు తొడుగుతూనే ఉంటుంది, వెలుతురు లేక తిండి తయారు చేసుకోలేక కాండంలో దాచుకున్నది ఖర్చు పెట్టేస్తుంది. వెంటనే కిటికీ దగ్గరికి మార్చినా ఆలస్యం అయిపోయింది. జనవరి 5న గోటితో బెరడు గీస్తే కింద ఆకుపచ్చ లేదు, ఎండు గోధుమ రంగు. నేల దాకా అంతే. మనకి చీకటి పద్ధతి పనికిరాదని ఒక మొక్క ఖర్చుతో తెలిసింది.

క్యాప్సికం అంతకు ముందే పోయింది. పొట్టులో ఉప్పు వల్ల దాని ఆకుల అంచులే అన్నిటికంటే ఎక్కువ మాడాయి. ఉప్పు దిగిపోతుందని డిసెంబరు 2న ఆ కుండీలో మూడు లీటర్ల మంచినీళ్లు పోసి అడుగు నుంచి పోనిచ్చాను. ఎండ ఉంటే అది సరైన పనే. మర్నాటి నుంచే మిచాంగ్ తుఫాను మబ్బు పట్టింది. 5వ తేదీన అది బాపట్ల దగ్గర తీరం దాటేదాకా, ఆ తర్వాత ఇంకో రోజు, ఎండ లేదు, కరెంటు లేదు, గాలంతా చెమ్మ. ఊళ్లో అందరూ తడిసిన ధాన్యం కోసం పరుగులు పెడుతున్న రోజులవి, కుండీ సంగతి ఎవరికి పడుతుంది. 9వ తేదీకి మట్టి ఇంకా తడే. మొదలు దగ్గర, మట్టి తాకే చోట, ఉంగరంలా గోధుమరంగు మచ్చ. 14న ముట్టుకుంటే బెరడు వేలికి ఊడి వచ్చింది.

అప్పటి నుంచి నీళ్లు కంటి అంచనాతో పోయడం మానేశాను. వంటింటి కాటా మీద కుండీ తూచాను. నిండా తడిపి, కారడం ఆగాక 3.5 కిలోలు. రెండంగుళాల లోతున వేలు పెడితే పొడిగా తగిలేసరికి 2.4 కిలోలు. ఆ అంకె కుండీ మీద మార్కరుతో రాసుకున్నాను. బరువు అక్కడికి వచ్చేదాకా చెంబు ముట్టుకోలేదు. చిగురు లేనప్పుడు అది తొమ్మిది పది రోజులు పట్టింది. చిగురు వచ్చాక ఐదారు రోజులు. పోసినప్పుడు గ్లాసున్నర, అడుగు పళ్లెంలో నిలిచిన నీళ్లు పావుగంటలో పారబోయాలి. కొబ్బరి పొట్టు పైన ఎండినట్టు లేత రంగుకి తిరుగుతుంది, లోపల మాత్రం తడి ఉంటుంది. పైరంగు చూసి పోసేవాళ్లంతా అక్కడే మోసపోతారు. ఈ ఒక్క పని మొదటి నుంచి చేసి ఉంటే క్యాప్సికం బతికేదనే అనుకుంటున్నాను.

కిటికీ ఎండ చాలలేదు. డిసెంబరు 10కి చిట్టి మిరప చిగుళ్లు కిటికీ వైపు వంగిపోయి, కణుపుకీ కణుపుకీ మధ్య మూడంగుళాలు సాగాయి. బయట అయితే అంగుళం. 11న 20 వాట్ల ఎల్ఈడీ ట్యూబులు రెండు, తెల్ల వెలుతురువి, తాళ్లతో వేలాడదీశాను. మొక్క కొసకి ఎనిమిది అంగుళాల ఎత్తు. చిగురు ఎదిగే కొద్దీ తాడు పైకి లాగాలి. పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా టైమర్ మీద. రోజుకి అర యూనిట్టు లోపు, నెలకి 15 యూనిట్ల లోపు. సాగిన చిగుళ్లు కురచవ్వవు, వాటిని కోసేయాల్సిందే. కోశాక వచ్చినవి దగ్గర కణుపులతో, ముదురు ఆకుపచ్చగా వచ్చాయి. ఆ తేడా చూశాక వారం రోజుల తర్వాత మొదటిసారి నిశ్చింతగా నిద్రపట్టింది.

డిసెంబరు ఆఖరి వారంలో పురుగు. గదిలో వాన కడగదు, పురుగుని తినే పురుగు ఉండదు, గాలి కదలదు. ఒకటి దూరితే అన్నిటికీ పాకుతుంది. గుండు మిరప లేత ఆకులు అంచులు కిందికి ముడిచి, తొడిమలు పొడుగై, బోర్లించిన పడవల్లా కనిపించాయి. రైతులు చెప్పే గుర్తు ఒకటుంది: పై ముడత అయితే తామర పురుగు, కింది ముడత అయితే నల్లి. కంటికి ఏమీ కనపడలేదు. 120 రూపాయల భూతద్దంతో ఆకు అడుగు చూస్తే ఈనె పక్కన గాజు చుక్కల్లాంటివి మెల్లగా కదులుతున్నాయి. తెల్ల నల్లి.

డిసెంబరు 28న ఆ గుండు మిరపకి వేపనూనె కొట్టాను. లొంగలేదు. జనవరి 3న నీళ్లలో కలిసే గంధకం లీటరుకి 3 గ్రాములు కొట్టాను. మూడు రోజుల్లో గుండు మిరప ఆకులన్నీ మాడి రాలిపోయాయి. నూనె కొట్టిన మొక్క మీద రెండు వారాల లోపు గంధకం కొట్టకూడదు. రెండూ కలిస్తే ఆకు కాలుతుంది. గంధకం డబ్బా మీద చిన్న అక్షరాల్లో ఉన్న ఆ మాట కొట్టాక చదివాను. చిట్టి మిరపలకి నూనె పడలేదు కాబట్టి వాటికి గంధకం ఒక్కటే పడి ఏమీ కాలేదు. నల్లి మాత్రం పోయింది. వారం తర్వాత, 10న ఆ రెండింటికీ రెండోసారి కొట్టాను. మందు ఎప్పుడూ వరండాలో కొట్టి, ఆరాకే లోపలికి తేవాలి.

ఆకు లేని గుండు మిరపని చూస్తే పారేయాలనే అనిపిస్తుంది. చూడ్డానికొచ్చిన పక్కింటి పిన్నిగారు “పుల్లకి నీళ్లు పోస్తున్నావేంటమ్మా” అన్నారు. గోటితో బెరడు గీశాను. పొర కింద తడి ఆకుపచ్చ, పచ్చి బఠాణీ రంగు. బతికే ఉంది. ఆకు లేని మొక్క నీళ్లు తాగదు కాబట్టి 2.4 కిలోల అంకె దాటి ఇంకా కిందికి దిగేదాకా ఏమీ పోయలేదు. 19 రోజులు అలాగే చూశాను. జనవరి 24న పంగ దగ్గర ఆవగింజంత పచ్చ మొటిమ. మర్నాటికి రెండు. మూడు నెలల్లో ఇంత ఆనందపడిన రోజు ఇంకోటి లేదు.

పేనుబంక కూడా వచ్చింది గానీ అది పెద్ద కష్టం కాదు. కుండీ నోటికి ప్లాస్టిక్ సంచి కట్టి, స్నానాల గదిలో పక్కకి వంచి, చేతి షవరుతో ఆకుల అడుగున కొడితే పోయింది. మూడు రోజులకోసారి మూడు సార్లు. తడి మట్టి మీద ఎగిరే చిన్న నల్ల దోమలకి పసుపు జిగురు అట్టలు పెట్టాను. మట్టి పైన ఆరనివ్వడమే అసలు మందు.

కొత్త ఆకులు నాలుగైదు వచ్చిన మొక్కకే ఎరువు, అది కూడా 19-19-19 లీటరుకి ఒక గ్రాము, పదిహేను రోజులకోసారి. జనవరిలో చిట్టి మిరప మొగ్గలు తొడిగితే గిల్లేశాను. ఆ వెలుతురుకి ఎలాగూ నిలవవు.

రథసప్తమి నాడు బయటికి. ట్యూబు వెలుతురులో పుట్టిన ఆకు ఎండకి ఓర్చదు. మొదటి రోజు పొద్దుటి ఎండ గంట, తర్వాత రోజుకి అరగంట చొప్పున పెంచాను. మూడో రోజు ఒక చిట్టి మిరపని మరచిపోయి మధ్యాహ్నం దాకా వదిలేస్తే పై ఆకుల మీద కాగితంలా తెల్ల మచ్చలు తేలాయి. ఆ మచ్చలు పోవు, కొత్త ఆకు రావాల్సిందే. ఫిబ్రవరి 28 నుంచి రోజంతా ఎండలోనే. మార్చి 3న పన్నెండు అంగుళాల కుండీల్లోకి మార్చాను. వేళ్లు తెల్లగా, కుండీ ఆకారంలో అల్లుకుని ఉన్నాయి.

చిట్టి మిరపలు మార్చి 7న పూశాయి. ఏప్రిల్ 9, ఉగాది నాటికి రెండింటికీ కలిపి 40 దాకా కాయలు. ఉగాది పచ్చట్లోకి అవే వేశాం. గుండు మిరప ఏప్రిల్ చివర్లో పూత పట్టింది. మధ్యాహ్నపు వేడికి పూత రాలుతుంటే పైన ఆకుపచ్చ నెట్ కట్టాను.

ఖర్చు: పొట్టు 60, వర్మీ కంపోస్టు 100, వేపపిండి 60, కుండీలు ఐదు 225, ట్యూబులు రెండు 500, టైమర్ 390, వేపనూనె 170, గంధకం 110, భూతద్దం 120, జిగురు అట్టలు 100. మొత్తం 1,835 రూపాయలు. కొత్త నారు కొంటే ఇందులో పదో వంతు కూడా కాదు. మీకు నచ్చిన రకం విత్తనం మళ్ళీ దొరుకుతుందంటే ఇంత పడాల్సిన పనిలేదు. మా చిట్టి మిరప విత్తనం దొరకదు, అందుకే పడ్డాను.

ఈ నవంబరులో మళ్ళీ చేస్తాను, కానీ మూడు నెలలు లోపల ఉంచను. డిసెంబరు సగానికి తుఫానుల ముప్పు తగ్గుతుంది, ఆ తర్వాత మా డాబా దక్షిణం పక్క ఎండకి ఏ ట్యూబూ సాటి రాదు. నవంబరు మొదట్లో కోసి, నెలన్నర వాన తగలకుండా ఉంచి, డిసెంబరు 15 దాటాక మబ్బు లేని వారం చూసి బయట పెట్టేస్తాను. పొట్టు మాత్రం అక్టోబరులోనే కడిగి ఆరబెట్టుకోవాలి. తొట్టె ఇప్పటికే సిద్ధం చేశాను.